స్లైడు తిప్పి చూస్తే

"తప్పుకోండి అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు. రెండు చేతుల్లోనూ రెండు పెట్టెలున్నాయి.

తల్లి తప్పుకోలేదు. గుమ్మానికి అడ్డంగా, తలుపు రెక్కలు రెండూ పట్టుకుని నిలబడింది. ఉద్యోగమంతా బడిలో లెక్కలు చెప్పిన మనిషి. పారిపోయే పిల్లల్ని గుమ్మం దగ్గరే ఆపడం ఆవిడకి కొత్త కాదు.

"రేపు పొద్దున్న ఆస్పత్రిలో సంతకం పెట్టాలి బాబూ. అదయ్యాక మీ ఇష్టం వచ్చిన చోటికి వెళ్లండి."

"సంతకం పెట్టేది లేదని చెప్పాను కదండీ."

"మీరు చెప్పారు. అది చెప్పలేదు."

'అది' అంటే చిన్నమ్మాయి. మొగుడి వెనక, కుర్చీ అంచు మీద కూర్చుని చెప్పుల పట్టీ పెట్టుకుంటోంది. పట్టీ ఎప్పుడో పడింది. అయినా తలెత్తకుండా దాన్నే సవరిస్తోంది.

లోపలి గదిలో చంటి పడుకుని ఉన్నాడు. పేరుకే చంటి, గడ్డం గీసుకునే వయసు. వాడి ఎముకల్లో మూలుగ రక్తం తయారు చెయ్యడం మానేసింది. ఎవరెవరిదో రక్తం ఎక్కించుకుంటూ నెట్టుకొస్తున్నాడు. అక్కలిద్దరిలో చిన్నక్క మూలుగే వాడికి సరిపోయింది. రేపు ఆమె ఇస్తానని సంతకం పెడితే, ఎల్లుండి నుంచి మందులిచ్చి వాడిలో మిగిలిన కాస్త మూలుగనీ తుడిచేస్తారు. ఆ తర్వాత ఆమె వెనక్కి తగ్గితే వాడు దక్కడు. ఈ మాట డాక్టరు అందర్నీ కూర్చోబెట్టి, నిదానంగా, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"ఆస్పత్రి వాళ్లు అన్ని పరీక్షలూ చేశారు. దానికేం లేదన్నారు" అంది తల్లి.

"అన్నారు. కానీ మీ ఇంట్లోనే ఒక సైంటిస్టు ఉన్నారు కదా. ఆవిడ ఏమన్నారో మీరూ విన్నారు."

అందరి చూపులూ వంటింటి గుమ్మం వైపు తిరిగాయి.

అక్కడ పెద్దమ్మాయి టీ గ్లాసుతో నిలబడి ఉంది. టీ మీద మీగడ కట్టేసింది.

ఆమె ఉద్యోగం ఎర్ర రక్తకణాల పైపొర ఎంత నునుపో, ఎంత గరుకో కొలవడం. కన్ను పెట్టి చూసే మైక్రోస్కోపు కాదది. కంటికి ఆనని మొన ఉన్న సూది ఒకటి, చీకట్లో గోడ తడుముకున్నట్టు, కణాన్ని తడుముతూ గీత పక్కన గీత నడుస్తుంది. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అనేది తెర మీద బొమ్మ కడుతుంది. అందుకే చంటి పెద్దక్కకి సూదమ్మ అని పేరు పెట్టాడు. ఆరోగ్యవంతుల కణాలు ఎలా ఉంటాయో తెలియడానికి కొందరి రక్తం కావలసి వస్తే, చెల్లెలి దగ్గర కూడా కాస్త తీసుకుంది. మొన్న భోజనాల బల్ల దగ్గర, మంచినీళ్లు ఇటివ్వమన్నంత తేలిగ్గా, "నీ కణాలు మిగతావాళ్ల కంటే గరుగ్గా వచ్చాయే, విచిత్రంగా ఉంది" అంది. అల్లుడి చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. ఆ క్షణం నుంచీ ఇల్లు ఇల్లులా లేదు.

"మాట్లాడవేమే? బెల్లం కొట్టిన రాయిలా నిలబడితే ఎలా?" అంది తల్లి.

"నా కొలతే తప్పేమోనని అనుమానంగా ఉందమ్మా" అంది పెద్దమ్మాయి.

అల్లుడు పెట్టెలు కింద పెట్టాడు.

"పొద్దున్న ఆ బొమ్మలన్నీ మళ్లీ చూశాను. ప్రతి బుడిపెకీ ఎడమ పక్కన ఇంకో చిన్న బుడిపె ఉంది. ఒక్కదానికి కాదు, అన్నిటికీ. అదీ ఎడమ పక్కనే. రక్తానికి అంత క్రమశిక్షణ ఉండదు. సూది మొనకి ఏదో నలుసు అంటుకుని ఉంటుంది. అప్పుడు మొన రెండైనట్టే. ఒక్క బుడిపెని రెండుసార్లు తాకుతుంది, రెండుగా చూపిస్తుంది. గరుకు లేని చోట గరుకు కనిపిస్తుంది."

"అంత తెలిసినదానివి ముందే చూసుకోవద్దూ?"

పెద్దమ్మాయి గ్లాసు గట్టు మీద పెట్టింది. బయటివాళ్ల రక్తమైతే ప్రతిసారీ కొత్త సూది పెట్టేది. అనుమానం వస్తే రెండో వైపు నుంచి కూడా కొలిచేది. చెల్లెలి స్లైడు చేతికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఇంటివాళ్లదే కదా, దీనికేముందిలే అని అదే సూదితో కానిచ్చేసింది. పరాయివాళ్ల విషయంలో చూపించిన శ్రద్ధ తోడబుట్టిన దాని దగ్గర చూపించలేదు. ఆ సంగతి ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేసింది. అయినా చెప్పింది.

అల్లుడు నవ్వాడు. నవ్వులో నవ్వేమీ లేదు. "మొన్న గరుకు. ఇవాళ తమ్ముడి మీద ప్రేమ పొంగుకొచ్చి నునుపు. రేపు ఏమవుతుంది వదినగారూ?"

"నా మాట నమ్మద్దు. ఇప్పుడే ల్యాబుకి వెళ్దాం. మీ కళ్లెదుటే కొలుస్తాను."

"మాకు రైలు టైమవుతోంది."

"చిన్నక్కా" అని లోపలి గదిలోంచి చంటి పిలిచాడు. "వెళ్లిపోయావా?"

తల్లి కళ్లు మూసుకుంది.

"లేదురా. ఇక్కడే ఉన్నా" అంది చిన్నమ్మాయి. పొద్దుట్నుంచీ ఆమె నోరు విప్పడం అదే మొదలు. లేచి నిలబడి, మొగుడి వైపు చూడకుండా, "పద అక్కా. చూసొద్దాం" అంది.

అల్లుడు ఏదో అనబోయి మానేశాడు. భార్యని చూసిన ఆ చూపులో కోపం లేదు. అది పెద్దమ్మాయి గమనించింది కానీ, దాని అర్థమేమిటో ఆలోచించే తీరిక అప్పుడు లేదు.

* * *

సెలవురోజు కావడంతో భవనమంతా బోసిగా ఉంది. కాపలా మనిషి తాళం తీసి, సంతకం పెట్టించుకుని, మళ్లీ తన పేపర్లో పడ్డాడు.

మిషన్ ఉన్న గది కింది అంతస్తులో ఉంది. పైన ఎవరు నడిచినా ఆ కదలిక అంటకుండా, గాలి నింపిన కాళ్ల మీద బల్ల తేలుతూ ఉంటుంది. బల్ల మీద చిన్న డబ్బాలాంటి పరికరం, పక్కన తెర. లక్షణంగా ఉన్న ఏ వంటింటి మిక్సీ అయినా దీనికంటే దర్జాగా కనిపిస్తుంది.

"ఇదేనా?" అన్నాడు అల్లుడు.

"ఇదే. సూది నడిచేటప్పుడు మాట్లాడకూడదు. మాట కూడా బొమ్మలో పడుతుంది."

వాడేసిన సూదుల పెట్టెలోంచి మొన్నటి సూదినే పట్టకారుతో తీసి బిగించింది. మొన్నటి స్లైడే పెట్టింది. ఆరిన రక్తపు పొర గాజు మీద లేత మరకలా ఉంది. చిన్నమ్మాయి ఆ మరకనే చూస్తూ గోడ పక్క స్టూలు మీద కూర్చుంది.

తెర మీద పై నుంచి కిందకి బొమ్మ దిగసాగింది. ముందు గుండ్రటి కణం, మధ్యలో కాస్త లోతు. పెద్దమ్మాయి కణం మీద చిన్న గడి ఎంచుకుని అక్కడ మాత్రమే మళ్లీ నడిపించింది. కణం వంపు తీసేస్తే మిగిలేది పైపొర మాత్రమే. అక్కడ బుడిపెలు కనిపించాయి. ప్రతి దాని ఎడమ పక్కనా ఒక చిన్న జత ఉంది.

"ఉన్నాయిగా మరి" అన్నాడు అల్లుడు, సూది ఆగగానే.

"ఉన్నాయి. రక్తంలో ఉన్నాయా, సూదిలో ఉన్నాయా అన్నదే ప్రశ్న. ఇప్పుడు సూదిని ముట్టుకోను. స్లైడుని పావు వంతు తిప్పుతాను. ఇందాక ఎడమ వైపు ఉన్నది ఇప్పుడు పై వైపుకి వస్తుంది. జతలు నిజంగా కణం మీదే ఉంటే, అవి కూడా స్లైడుతో పాటు తిరిగి పైకి చూడాలి. తిరక్కుండా ఎడమకే చూస్తుంటే అవి నా సూదివి. ముందే చెబుతున్నాను, తర్వాత మాట మార్చేది లేదు."

అల్లుడు రోడ్లు కొలిచే సర్వేయరు. "మేమూ అంతే. దుర్భిణి తిరగేసి ఇంకోసారి చూస్తాం. తేడా నేలలో ఉందో, పరికరంలో ఉందో తెలియడానికి" అన్నాడు, చెప్పక తప్పనట్టు.

"అయితే మీకు నేను వివరించక్కర్లేదు."

స్లైడు తిప్పింది. కణాన్ని మళ్లీ వెతికి పట్టుకుంది. సూది దిగింది.

తెర మీద కొన్ని గీతలు పడ్డాయి. అల్లుడు స్టూలు దగ్గరికి వెళ్లి వంగి, "చూసింది చాలు. పద, వెళ్లిపోదాం" అని గొణిగాడు.

"ఉండండి కాసేపు" అంది చిన్నమ్మాయి.

"ఉండి ఏం చేస్తావు? నీకెందుకిదంతా?"

"ఉండండి అన్నానా."

పెద్దమ్మాయి వెనక్కి తిరక్కుండా తెర మీదకి వేలు చూపించింది. నున్నగా దిగుతున్న బొమ్మలో ఒకచోట దువ్వెన పళ్లతో గీసినట్టు అడ్డంగా గీతలు లేచాయి. "మీ మాటలు. అదిగో, పడ్డాయి."

ఇద్దరూ నోరు మూసుకున్నారు. మొగుడూ పెళ్లాల గొడవ అలా అచ్చు పడగా చూడడం వాళ్లకి అదే మొదటిసారి అయి ఉంటుంది. తర్వాత ఆ గదిలో ఊపిరి పీల్చడానికి కూడా ముగ్గురూ జంకారు. చిన్నమ్మాయి ఒళ్లో రెండు చేతులూ ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి.

బొమ్మ పూర్తయింది.

స్లైడు తిరిగింది. కణం తిరిగింది. జతలు తిరగలేదు. అన్నీ ఎడమకే చూస్తున్నాయి.

పెద్దమ్మాయి గబగబా లేచి కొత్త సూది బిగించింది. ఈసారి బొమ్మలో జతలే లేవు. కణం పైపొర సన్నటి ఇసక పరిచినట్టు, అందరి కణాల్లాగే ఉంది. ఇంకో కణం, ఇంకో కణం చూసింది. గరుకుతనం అంకె ఆరోగ్యవంతుల అంకెల మధ్యలోకి వెళ్లి వాటిలో కలిసిపోయింది.

"నువ్వు బాగున్నావే" అంది. "నీకేం లేదు. తప్పంతా నాది. చంటికి నువ్వు ఇవ్వచ్చు."

చెల్లెలు వచ్చి వాటేసుకుంటుందనుకుంది. చెల్లెలు కదల్లేదు. పెద్దమ్మాయి సంతోషానికి ఆ గదిలో తోడు దొరకలేదు.

"ఇంక ఆపండి వదినగారూ" అన్నాడు అల్లుడు మెల్లగా. "బాగుంటే బాగుంది. ఇవ్వడం మాత్రం కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"నాకిష్టం లేదు. అంతే."

మొన్నట్నుంచీ దిగమింగుకున్నది ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది పెద్దమ్మాయికి. "మీరు మనిషేనా? మీ పెళ్లిలో మీ వెంటే తిరిగాడు వాడు. మీకు జ్వరం వస్తే మీ పక్కన కూర్చున్నాడు. దానికి నడుం నొప్పి పుడుతుందని వాణ్ణి చావమంటారా? మీ తమ్ముడైతే ఇలాగే అంటారా?"

అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఒక్క మాట తిరిగి అనలేదు. అనకపోయేసరికి ఆమెకి ఇంకా ఒళ్లు మండింది.

"సమాధానం చెప్పండి. మా అమ్మ దగ్గర బాగానే లేచింది కదా నోరు."

"ఆయన్ని ఏమీ అనకక్కా" అంది చిన్నమ్మాయి. "వద్దన్నది నేను."

పెద్దమ్మాయికి అర్థం కాలేదు.

"నేను వద్దంటున్నానంటే మీరు నా మొహం చూడరని, తను వద్దంటున్నట్టు చెప్పమన్నాను. రోజూ మీచేత తిట్లు తింటున్నారు. గదిలోకి వెళ్లాక ఒక్క మాట కూడా అనరు నన్ను."

"ఎందుకే?"

"భయం."

"నొప్పి ఏముంటుందే? మత్తిస్తారు. నీకేమీ తెలియదు."

"ఆ మత్తే. నాన్నకీ అదే చెప్పారు. చిన్న ఆపరేషనే, గంటలో వచ్చేస్తాను, ఇంటికెళ్లేటప్పుడు సోడా తాగుదాం అన్నాడు. తలుపు దాకా జోకులేస్తూనే వెళ్లాడు. నువ్వు హాస్టల్లో ఉన్నావు. అమ్మ బడిలో ఉంది. బయట బెంచీ మీద నేనొక్కదాన్నే. మత్తులోంచి ఇక లేవలేదని ఒకాయన వచ్చి నాతో చెప్పాడు. పెద్దవాళ్లెవరూ లేరా అని అడిగి, నాతోనే చెప్పాడు."

చిన్నమ్మాయి వంగి మళ్లీ చెప్పుల పట్టీ సవరించుకుంది.

"మొన్న నా కణాలు గరుకన్నావు చూడు. ప్రాణం లేచొచ్చిందక్కా నాకు. పాపిష్టిదాన్ని. తమ్ముడు గుర్తే రాలేదు. అమ్మయ్య, తప్పించుకున్నాను అనుకున్నా. ఇవాళ కూడా ఆ జతలు తిరగాలని దణ్ణం పెట్టుకుంటూ కూర్చున్నా ఇక్కడ."

పెద్దమ్మాయి చెల్లెలి ముందు కింద కూర్చుంది. ఆ చేతులు రెండూ పట్టుకుంది. మంచుముక్కల్లా ఉన్నాయి.

"గరుకనే చెప్పు అక్కా."

"ఏంటి?"

"ఇంట్లో చెప్పు. మళ్లీ కొలిచాను, నిజంగానే తేడా ఉందని చెప్పు. నీ మాట కాదనే వాళ్లెవరూ లేరు. అప్పుడు నేను ఇవ్వనన్నట్టు కాదు. నా రక్తం పనికిరాలేదన్నట్టు అవుతుంది. వాడు నన్ను తప్పు పట్టడు."

"వాడు చచ్చిపోతాడే."

"తెలుసు."

ఆ ఒక్క మాట అన్నాక చిన్నమ్మాయి ఏడ్చింది. అల్లుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అంతసేపూ అతన్ని అన్న మాటలన్నీ పెద్దమ్మాయికి ఒక్కొక్కటిగా గుర్తొచ్చి గుచ్చుకున్నాయి. చెల్లెలి మీద జాలి, కోపం రెండూ ఒకేసారి కలిగాయి. ఏది ముందో, ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయింది.

ఫోను మోగింది. చంటి.

చిన్నమ్మాయి చటుక్కున అక్క మణికట్టు పట్టుకుంది. పెద్దమ్మాయి ఫోను స్పీకరులో పెట్టింది.

"పెద్దక్కా" అన్నాడు చంటి. లోగొంతుకలో మాట్లాడుతున్నాడు. "అమ్మ వంటింట్లో ఉంది. చిన్నక్క నీ పక్కనుందా?"

చిన్నమ్మాయి లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"బయట ఉంది" అంది పెద్దమ్మాయి. అబద్ధం అంత సులువుగా వచ్చేస్తుందని ఆమెకి తెలియదు.

"ఏం తేలింది?"

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. మణికట్టు మీద గోళ్లు దిగుతున్నాయి.

"నునుపే కదూ" అన్నాడు వాడే. "నువ్వు మాట్లాడకపోతే తెలిసిపోతుందిలే సూదమ్మా. ఒక పని చేసి పెట్టాలి నువ్వు. గరుకని చెప్పెయ్యి."

"చంటీ, ఏం మాటలురా అవి?"

"విను. చిన్నక్కకి భయం. బావ కాదు వద్దనేది, తనే. బావకి ఇవ్వద్దనడం చేతకాదు, మొహం చూస్తే తెలియదూ? నేను ఆస్పత్రిలో పడుకున్నన్నాళ్లూ తను ఒక్కసారి కూడా వార్డులోకి రాలేదు. గేటు దగ్గర నిలబడి పళ్లు బావతో పంపించేది. కిటికీలోంచి చూసేవాణ్ణి. మీరెవరూ చూడలేదు, ఎవరి గోలలో వాళ్లున్నారు. నాకేం పని, పడుకుని చూడడమేగా."

పెద్దమ్మాయి చెల్లెలి మొహం చూడలేకపోయింది.

"రేపు మొహమాటానికి సంతకం పెట్టి, ఎల్లుండి నా మందులు మొదలయ్యాక తనకి ధైర్యం చాలకపోతే నేనెలాగూ పోతాను. నేను పోవడం ఒకటి. తమ్ముణ్ణి నేనే చంపేశానని తను జీవితాంతం అనుకోవడం ఇంకొకటి. అది నావల్ల కాదక్కా. రక్తంలో తేడా ఉందంటే ఎవరి తప్పూ ఉండదు. బయటి దాతలెవరైనా దొరుకుతారేమో చూద్దాం."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే దొరకరు" అన్నాడు చంటి. "నాకూ భయంగానే ఉంది. అందుకే తన భయం నాకు తెలుసు."

మణికట్టు మీద పట్టు వదిలింది. గోళ్లు దిగిన చోట ఎర్రగా కమిలింది.

చిన్నమ్మాయి కళ్లు తుడుచుకోలేదు. చెయ్యి చాచి అక్క దగ్గర్నుంచి ఫోను తీసుకుంది. అల్లుడు ఆపడానికి ఒక అడుగు ముందుకేసి, ఎందుకో ఆగిపోయాడు.

"చంటీ" అంది.

"చిన్నక్కా? ఎప్పట్నుంచి వింటున్నావు?"

"మొదట్నుంచీ. నా రక్తం బాగానే ఉందిరా. రేపు వచ్చి సంతకం పెడతాను. ఎల్లుండి నీకు మందులు మొదలెడతారు. ఆ తర్వాత నన్ను బల్ల మీద పడుకోబెట్టేటప్పుడు నేను లేచి పారిపోనని మాత్రం మాట ఇవ్వలేను. ఎంత ప్రయత్నించినా నా నోటికి రావట్లేదు ఆ మాట. ఇలాంటి దాన్ని నమ్ముకుని నువ్వు ఆ మందులు వేయించుకుంటావా?"

చంటి జవాబు చెప్పేలోపే వాడి గదిలోకి ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు ఫోనులో వినబడింది.

"ఎవర్రా, చిన్నదేనా?" అంటోంది తల్లి, ఆశగా. "ఒప్పుకుందా?"